ట్రిమ్ చేసే ముందు: ట్రాన్స్‌మిటర్ డయాగ్నస్టిక్స్‌తో లోపం ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

"రీడింగ్ తేడాగా ఉంది, జీరో ట్రిమ్ చేసేయమంటారా?" ఇన్‌స్ట్రుమెంట్ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. నేను ప్రతిసారీ ఇంకా వద్దనే చెబుతాను. ట్రాన్స్‌మిటర్ అంటే ప్రెషర్ లాంటి కొలతని కరెంట్‌గా మార్చి పంపే పరికరం, ట్రిమ్ అంటే దాని విలువని సరిదిద్దే సర్దుబాటు. తేడా ఎక్కడ మొదలైందో తెలియకుండా ట్రిమ్ చేస్తే, బాగున్న ట్రాన్స్‌మిటర్‌ని చెడగొట్టి, చెడిన వైరింగ్‌ని అలాగే వదిలేసినట్టు అవుతుంది. ఆ తర్వాత వచ్చేవాడికి రెండు తప్పులు కలిసిపోయి కనిపిస్తాయి. వాటిని విడదీయడం చాలా కష్టం.

ఇక్కడ చెప్పేది రెండు వైర్ల మీద నడిచే, 4 నుంచి 20 మిల్లీ ఆంప్ ఇచ్చే, హార్ట్ (అదే వైర్ల మీద డిజిటల్‌గా మాట్లాడే పద్ధతి) ఉన్న ట్రాన్స్‌మిటర్ల గురించి. ఉదాహరణలు ఎక్కువగా డీపీ (రెండు వైపుల ఒత్తిడి మధ్య తేడా), ప్రెషర్ ట్రాన్స్‌మిటర్లవి. టెంపరేచర్‌కి ఎక్కడ మారుతుందో అక్కడ చెబుతాను. మెనూ పేర్లు కంపెనీని బట్టి మారతాయి, చేసే పని మాత్రం అదే.

దగ్గర ఉండాల్సినవి:

- హార్ట్ కమ్యూనికేటర్, లేదా హార్ట్ మోడెమ్ ఉన్న ల్యాప్‌టాప్. గ్యాస్ ఉండే ఏరియా అయితే ఆ ఏరియాకి సర్టిఫై అయినదే వాడాలి.
- మంచి మల్టీమీటర్. మిల్లీ ఆంప్ రేంజ్‌లో ఫ్యూజ్ పోలేదని బయల్దేరే ముందే చూసుకోండి. ఫ్యూజ్ పోయిన మీటర్‌ని లూప్‌లో (సప్లై నుంచి ట్రాన్స్‌మిటర్ మీదుగా కంట్రోల్ రూమ్ దాకా కరెంట్ తిరిగే దారి) సిరీస్‌గా పెడితే లూప్ తెగిపోతుంది.
- 250 ఓమ్ రెసిస్టర్ ఒకటి.
- ఆ ట్యాగ్ (పరికరం గుర్తింపు నంబర్) డేటాషీట్: రేంజ్, యూనిట్, స్క్వేర్ రూట్ (డీపీ నుంచి ఫ్లో తీసే లెక్క) ఎక్కడ పెట్టారు, ఫెయిల్యూర్ అలారం పైకా కిందికా.
- ట్రాన్స్‌మిటర్ మాన్యువల్‌లో రెండు అంకెలు: పనిచేయడానికి కావాల్సిన కనీస వోల్టేజ్, అలారం కరెంట్.
- పర్మిట్, కంట్రోల్ రూమ్‌తో మాట్లాడే రేడియో, రాసుకోవడానికి కాగితం. కాగితం ఎందుకో అయిదో మెట్టులో తెలుస్తుంది.

1. ముందు ఆపరేటర్‌తో మాట్లాడండి

లూప్‌ని మాన్యువల్‌లో పెట్టించండి. అంతటితో సరిపోదు. "ఈ సిగ్నల్ ఇంకెక్కడికైనా వెళ్తోందా?" అని తప్పకుండా అడగండి. ఒక ఫ్లో ట్రాన్స్‌మిటర్ తన కంట్రోలర్‌కే కాకుండా రేషియో కంట్రోల్‌కీ, టోటలైజర్‌కీ, ట్రిప్ లాజిక్‌కీ (ప్రమాదం వస్తే ప్లాంట్‌ని తానే ఆపేసే ఇంటర్‌లాక్) వెళ్తూ ఉండొచ్చు. కంట్రోలర్ మాన్యువల్‌లో ఉన్నా, మీరు 20 మిల్లీ ఆంప్ పంపగానే అవతల ఇంకో వాల్వ్ కదులుతుంది. ఇంటర్‌లాక్ ఉంటే రాతపూర్వక అనుమతితోనే బైపాస్ చేయించండి. బైపాస్ పెట్టిన టైమ్, పెట్టినవారి పేరు రాసుకోండి.

కమ్యూనికేటర్‌తో చదవడం వరకైతే ప్రాసెస్‌కి ఇబ్బంది లేదు. లూప్ టెస్ట్, సిమ్యులేషన్, ట్రిమ్, మానిఫోల్డ్ (ట్రాన్స్‌మిటర్ ముందుండే వాల్వుల సెట్) ముట్టుకోవడం, ఈ నాలుగూ సిగ్నల్‌ని కదిలిస్తాయి. ఫ్లేమ్‌ప్రూఫ్ ట్రాన్స్‌మిటర్ మూతని గ్యాస్ ఉండే చోట పవర్ ఉండగా తెరవకూడదు. అలాంటప్పుడు కనెక్షన్‌ని మార్షలింగ్ ప్యానెల్ (ఫీల్డ్ వైర్లన్నీ వచ్చి చేరే ప్యానెల్) దగ్గర తీసుకోండి.

2. కమ్యూనికేటర్ కలపండి

ట్రాన్స్‌మిటర్ టెర్మినల్స్ మీద గానీ, లూప్‌లో ఉన్న 250 ఓమ్ రెసిస్టర్ మీద గానీ కలపండి. నేరుగా పవర్ సప్లై మీద కలిపితే సిగ్నల్ దొరకదు. హార్ట్ సంభాషణ 4–20 కరెంట్ మీదే 1200, 2200 హెర్ట్జ్ స్వరాలుగా ప్రయాణిస్తుంది. ఆ స్వరాలు వోల్టేజ్‌గా కనిపించాలంటే లూప్‌లో కనీసం 230 ఓమ్‌ల దాకా రెసిస్టెన్స్ ఉండాలి.

"డివైస్ దొరకలేదు" అని వస్తే ఈ వరసలో చూడండి:

- లూప్‌లో రెసిస్టర్ ఉందా? వర్క్‌షాప్‌లో బెంచ్ మీద పెట్టినప్పుడు ఎక్కువమంది మర్చిపోయేది ఇదే.
- మధ్యలో ఐసొలేటర్ ఉంటే అది హార్ట్‌ని దాటనిస్తుందా? దాటనివ్వకపోతే ఫీల్డ్ వైపు కలపండి.
- పోలింగ్ అడ్రస్ 0 కాకుండా వేరేది పెట్టారా? అన్ని అడ్రస్‌లనీ వెతకమని కమ్యూనికేటర్‌కి చెప్పండి. పాత పరికరాల్లో అడ్రస్ 0 కాకపోతే కరెంట్ 4 మిల్లీ ఆంప్ దగ్గరే ఆగిపోతుంది. "రీడింగ్ కదలడం లేదు" అన్న ఫిర్యాదుకి అదే కారణం కావచ్చు.
- ఇప్పటికే ఇద్దరు మాట్లాడుతున్నారా? ఒక లూప్‌లో ఇద్దరు మాస్టర్లకే చోటు. డీసీఎస్ (కంట్రోల్ రూమ్‌లోని కంట్రోల్ సిస్టమ్) ఒకటి, మీ చేతిలోది రెండోది. మూడోది కలిపితే ఎవరి మాటా సరిగా వినిపించదు.

3. ఉన్నది ఉన్నట్టు సేవ్ చేసుకోండి

ఏ మార్పూ చేయకముందే మొత్తం కాన్ఫిగరేషన్‌ని కమ్యూనికేటర్‌లో సేవ్ చేయండి. ఆ సౌకర్యం లేకపోతే రేంజ్ కింది విలువ, పై విలువ, యూనిట్, డాంపింగ్ (రీడింగ్‌ని నున్నగా చేసే సెట్టింగ్), ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ (లీనియరా, స్క్వేర్ రూటా), అలారం దిశ, ఈ ఆరూ కాగితం మీద రాసుకోండి. రెండు నిమిషాల పని. తర్వాత ఏదైనా తారుమారైతే వెనక్కి వెళ్లడానికి మీకున్న దారి ఇదొక్కటే.

4. స్టేటస్ చదవండి, మొత్తం చదవండి

ఎర్రర్ మెసేజ్ రాగానే "ఓకే" నొక్కి దాటేసే అలవాటు చాలామందికి ఉంది. ఆ మెసేజ్ కోసమే మీరు అంత దూరం నడిచి వచ్చారు. ఆగి చదవండి.

ప్రతి హార్ట్ పరికరం ఎనిమిది సంగతులు చెబుతుంది: పరికరంలో లోపం, కాన్ఫిగరేషన్ మారింది, కోల్డ్ స్టార్ట్, మరిన్ని వివరాలు ఉన్నాయి, లూప్ కరెంట్ ఫిక్స్ అయి ఉంది, లూప్ కరెంట్ శాచురేట్ అయింది, ప్రైమరీ కాని వేరియబుల్ హద్దు దాటింది, ప్రైమరీ వేరియబుల్ హద్దు దాటింది. వీటిలో మూడింటిని జనం పట్టించుకోరు. నాకు ఎక్కువ కేసుల్లో పనికొచ్చినవి ఆ మూడే.

కోల్డ్ స్టార్ట్: పవర్ పోయి వచ్చిందని అర్థం. ఒకసారి చదివాక మామూలుగా అది చెరిగిపోతుంది. అరగంట తర్వాత మళ్లీ చదివితే మళ్లీ కనిపించిందా? ఎవరూ పవర్ ముట్టుకోకుండా అలా వచ్చిందంటే ఎక్కడో వైర్ వదులుగా ఉంది, లేదా వోల్టేజ్ చాలడం లేదు. అప్పుడప్పుడు వచ్చి పోయే ఫాల్ట్‌కి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

కాన్ఫిగరేషన్ మారింది: మీకంటే ముందు ఎవరో ఏదో మార్చారు. డేటాషీట్‌తో ఒక్కో విలువా పోల్చి చూడండి.

లూప్ కరెంట్ ఫిక్స్ అయి ఉంది: ఎవరో లూప్ టెస్ట్ చేసి బయటికి రాకుండా వెళ్లిపోయారు, లేదా మల్టీడ్రాప్ (ఒకే వైర్ల మీద చాలా పరికరాలు కలిపే పద్ధతి) సెట్టింగ్ పడింది. ఒక షిఫ్ట్ మొత్తం ట్యాంక్ లెవెల్ కదలకుండా 50 శాతం దగ్గర నిలబడిపోవడం నేను చూశాను. ఎవరో 12 మిల్లీ ఆంప్ పంపి, ఫోన్ వస్తే కమ్యూనికేటర్ వైర్లు ఊడదీసి వెళ్లిపోయారు. ఆపరేటర్ దాన్ని చూసి "ఇవాళ లెవెల్ బాగా నిలకడగా ఉంది" అనుకున్నాడు. ట్యాంక్ పొంగకముందే ఫీల్డ్‌లో గేజ్ గ్లాస్ (లెవెల్ కంటికి కనిపించే గాజు గొట్టం) చూసిన మనిషి వల్ల బయటపడ్డాం.

"మరిన్ని వివరాలు ఉన్నాయి" అని వస్తే అదనపు స్టేటస్ పేజీ కూడా తెరవండి. సెన్సార్, ఎలక్ట్రానిక్స్, మెమరీ, టెంపరేచర్ ఎలా ఉన్నాయో అక్కడ విడివిడిగా ఉంటుంది.

కొత్త పరికరాలు నామూర్ (ప్రాసెస్ పరిశ్రమల ఆటోమేషన్ సంఘం) ఎన్‌ఈ 107 పద్ధతిలో నాలుగు గుర్తులు చూపిస్తాయి. ఎరుపు అంటే ఫెయిల్యూర్, కొలతని నమ్మకూడదు. నారింజ అంటే ఫంక్షన్ చెక్, ఎవరో టెస్ట్ చేస్తున్నారు, సిగ్నల్ అసలుది కాదు. పసుపు అంటే స్పెసిఫికేషన్ బయట పనిచేస్తోంది, కొలత ఉంది గానీ అనుమానంతో చూడాలి. నీలం అంటే కొలత బాగానే ఉంది, మెయింటెనెన్స్ దగ్గరపడింది. నీలాన్ని వాయిదా వేయొచ్చు, కానీ తేదీ రాసి పెట్టండి.

5. నాలుగు అంకెల్ని పక్కపక్కన రాయండి

మిగతా మెట్లన్నీ దీని మీదే నిలబడ్డాయి, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను. ప్రాసెస్ నిలకడగా ఉన్నప్పుడు, ఒకే నిమిషంలో ఈ నాలుగూ తీసుకోండి:

అ) కమ్యూనికేటర్‌లో పీవీ (ప్రైమరీ వేరియబుల్, అంటే ట్రాన్స్‌మిటర్ కొలిచిన విలువ), ఇంజనీరింగ్ యూనిట్‌లో.
ఆ) కమ్యూనికేటర్ చెప్పే లూప్ కరెంట్.
ఇ) మల్టీమీటర్ చూపించే అసలు కరెంట్.
ఈ) కంట్రోల్ రూమ్ స్క్రీన్ మీద విలువ.

ఒక్క విషయం గుర్తుంచుకోండి: కమ్యూనికేటర్ చెప్పే కరెంట్ కొలిచినది కాదు. "నేను ఇంత పంపుతున్నాను" అని ట్రాన్స్‌మిటర్ లెక్కగట్టి చెప్పే మాట అది. వైర్‌లో నిజంగా ఎంత పోతోందో మామూలు ట్రాన్స్‌మిటర్‌కి తెలియదు. కమ్యూనికేటర్‌లో 12.00 చూసి "లూప్ బాగుంది" అని రాసేస్తే మీరు లూప్‌ని చూడనట్టే.

శాతం లెక్క: మిల్లీ ఆంప్‌లోంచి 4 తీసేసి, 16తో భాగించి, 100తో గుణించండి. 8 అంటే 25 శాతం, 12 అంటే 50, 16 అంటే 75.

ఇప్పుడు తేడా ఎక్కడ మొదలైందో చూడండి.

అసలు ప్రాసెస్‌కీ (అ)కీ తేడా ఉంటే లోపం సెన్సార్ వైపు ఉంది: ఇంపల్స్ లైన్ (ప్రాసెస్ ఒత్తిడిని ట్రాన్స్‌మిటర్ దాకా తెచ్చే సన్న గొట్టం), మానిఫోల్డ్, జీరో. ఎనిమిదో మెట్టుకి వెళ్లండి.

(అ)కీ (ఆ)కీ తేడా ఉంటే సెట్టింగ్ చూడండి. రేంజ్ వేరుగా ఉండొచ్చు, స్క్వేర్ రూట్ ఆన్ అయి ఉండొచ్చు, కరెంట్ ఫిక్స్ అయి ఉండొచ్చు.

(ఆ)కీ (ఇ)కీ తేడా ఉంటే వైరింగ్, నీళ్లు, వోల్టేజ్, లేదా అవుట్‌పుట్ ట్రిమ్. ఇది ఆరు, ఏడు మెట్ల పని.

(ఇ)కీ (ఈ)కీ తేడా ఉంటే డీసీఎస్ రేంజ్ లేదా ఇన్‌పుట్ కార్డ్. ట్రాన్స్‌మిటర్ రేంజ్ 0 నుంచి 2500 ఉండి, డీసీఎస్‌లో 0 నుంచి 2000 ఉంటే, 12 మిల్లీ ఆంప్ దగ్గర ఇక్కడ 1250, అక్కడ 1000 కనిపిస్తుంది. 4 మిల్లీ ఆంప్ దగ్గర రెండూ సున్నానే చూపిస్తాయి. జీరో ఒక్కటే చెక్ చేసి "అంతా ఓకే" అనేవాళ్లకి ఇది ఎప్పటికీ దొరకదు.

ఫ్లో లూప్‌లో ఇంకో ఉచ్చు ఉంది. స్క్వేర్ రూట్ ట్రాన్స్‌మిటర్‌లోనూ, డీసీఎస్‌లోనూ రెండు చోట్లా పడితే, డీపీ 25 శాతం ఉన్నప్పుడు 50 చూపించాల్సిన ఫ్లో దాదాపు 70.7 చూపిస్తుంది. 0 దగ్గరా 100 దగ్గరా మాత్రం కరెక్ట్‌గా ఉంటుంది. అందుకే మధ్యలో ఒక పాయింట్ ఎప్పుడూ చూడాలి.

మల్టీమీటర్ గురించి ఒక హెచ్చరిక. కొన్ని ట్రాన్స్‌మిటర్లకి టెస్ట్ టెర్మినల్స్ ఉంటాయి. లోపల ఒక డయోడ్‌ ఉండటం వల్ల లూప్ తెంచకుండా అక్కడ కరెంట్ చదవొచ్చు. మీటర్ సొంత రెసిస్టెన్స్ ఎక్కువైతే కొంత కరెంట్ డయోడ్ గుండానే పోయి రీడింగ్ తక్కువ చూపిస్తుంది. అనుమానం వస్తే 250 ఓమ్ రెసిస్టర్ మీద వోల్టేజ్ చదవండి: 4 మిల్లీ ఆంప్‌కి 1 వోల్ట్, 20కి 5 వోల్ట్‌లు. లూప్ తెంచక్కర్లేదు, ఫ్యూజ్ గొడవా లేదు. నేనైతే ఎప్పుడూ ఇదే చేస్తాను.

6. లూప్ టెస్ట్ చేయండి

కమ్యూనికేటర్‌లో "లూప్ టెస్ట్" లేదా "ఫిక్స్‌డ్ కరెంట్" తెరవండి. ఒకటో మెట్టులో చెప్పిన మాన్యువల్, బైపాస్ ఇంకా అలాగే ఉన్నాయని రేడియోలో మళ్లీ అడగండి. తర్వాత 4, 12, 20 పంపి ప్రతిచోటా మీటర్ విలువ, స్క్రీన్ విలువ రాయండి.

ఆ మూడు అంకెల ఆకారమే లోపం ఏదో చెబుతుంది:

- మూడు చోట్లా దాదాపు ఒకే మోతాదులో ఎక్కువ వస్తే, ఉదాహరణకి 5.2, 13.1, 21.0 లాగా, ట్రాన్స్‌మిటర్ పక్కన ఇంకో దారిలో కరెంట్ కారుతోంది. టెర్మినల్ బాక్స్‌లో నీళ్లు, తడిసిన జంక్షన్ బాక్స్, దెబ్బతిన్న కేబుల్.
- 4 దగ్గర సరిగా ఉండి, పైకి వెళ్లే కొద్దీ తేడా క్రమంగా పెరిగితే, అవుట్‌పుట్ ట్రిమ్ తప్పింది, లేదా ఇన్‌పుట్ రెసిస్టర్ విలువ మారింది.
- 4, 12 బాగుండి 20 దగ్గరకి చేరలేకపోతే, లేదా అక్కడ ట్రాన్స్‌మిటర్ రీస్టార్ట్ అవుతూ ఉంటే, వోల్టేజ్ చాలడం లేదు.

మొదటి ఆకారానికి నా అనుభవం చెబుతాను. ఒక లెవెల్ ట్రాన్స్‌మిటర్ ప్రతి వర్షం తర్వాతా ఎక్కువ చూపించేది. మీటర్‌లో 13.76 ఉంది, అంటే స్క్రీన్ మీద 61 శాతం. కమ్యూనికేటర్ మాత్రం 12.64 అంటోంది, అంటే 54 శాతం. గేజ్ గ్లాస్‌లో కూడా 54 దగ్గరే ఉంది. అంతకుముందు వచ్చినవాళ్లు వర్షం పడినప్పుడల్లా ట్రిమ్ చేసి కిందికి దించారు, ఎండ కాయగానే మళ్లీ పైకి లాగారు. రికార్డులో నాలుగు ట్రిమ్‌లు ఉన్నాయి. మూత తీసి చూస్తే టెర్మినల్ స్క్రూల చుట్టూ పచ్చగా తుప్పు, అడుగున ఒక చెంచాడు నీళ్లు. కేబుల్ గ్లాండ్ (కేబుల్ లోపలికి వెళ్లే చోట ఉండే బిగింపు) పైకి తిరిగి ఉంది, కేబుల్ వెంట కారిన నీళ్లు నేరుగా లోపలికి దిగాయి. ఆరబెట్టి, గ్లాండ్ మార్చి, కేబుల్‌ని కిందికి వంచి లూప్‌గా వేశాక రెండు అంకెలూ కలిశాయి. ట్రాన్స్‌మిటర్‌లో ఏ లోపమూ లేదు.

ఇక అలారం కరెంట్. చాలామంది 20తో ఆపేస్తారు. దయచేసి ఆపకండి, అలారం విలువ కూడా పంపి చూడండి. నామూర్ ఎన్‌ఈ 43 ప్రకారం 3.8 నుంచి 20.5 దాకా కొలత, 3.6 లేదా అంతకంటే తక్కువ, 21 లేదా అంతకంటే ఎక్కువ అయితే ఫెయిల్యూర్. మీ పరికరం హై అలారం 21.75 అనుకోండి. సప్లై 24 వోల్ట్‌లు, లూప్‌లో రెసిస్టర్ 250, బారియర్ (గ్యాస్ ఏరియాలోకి వెళ్లే కరెంట్, వోల్టేజ్‌లని హద్దులో ఉంచేది) 300, కేబుల్ 30, మొత్తం 580 ఓమ్‌లు. ట్రాన్స్‌మిటర్‌కి కనీసం 12 వోల్ట్‌లు కావాలి. మిగిలిన 12 వోల్ట్‌లని 580తో భాగిస్తే 20.7 మిల్లీ ఆంప్ దాటదు. ఈ లూప్ 20 మిల్లీ ఆంప్ టెస్ట్‌లో పాసవుతుంది. సెన్సార్ నిజంగా పాడైన రోజు మాత్రం 21 దాటలేక అలారం ఇవ్వలేదు. ట్రిప్ లాజిక్ ఆ అలారం మీద ఆధారపడి ఉంటే ఇది చిన్న విషయం కాదు.

అలారం దిశ కూడా డీసీఎస్ ఎదురుచూసే దిశతో కలవాలి. ట్రాన్స్‌మిటర్ జంపర్ కిందికి ఉండి, లాజిక్ పైకి వచ్చే ఫెయిల్యూర్ కోసం చూస్తూ ఉంటే, పాడైన ట్రాన్స్‌మిటర్ ఖాళీ ట్యాంక్ లాగా కనిపిస్తుంది.

అయిపోయాక టెస్ట్ మెనూలోంచి పద్ధతిగా బయటికి రండి. వైర్లు లాగేయడం బయటికి రావడం కాదు. స్టేటస్ మళ్లీ చదివి "కరెంట్ ఫిక్స్" పోయిందని చూశాకే క్లిప్పులు తీయండి.

7. వోల్టేజ్ కొలవండి

లూప్ టెస్ట్‌లో 20 మిల్లీ ఆంప్ పంపుతూ ట్రాన్స్‌మిటర్ టెర్మినల్స్ మీద వోల్టేజ్ చదవండి. 4 దగ్గర చదివితే ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది, ఎందుకంటే కరెంట్ తక్కువ కాబట్టి మధ్యలో పోయేదీ తక్కువే. 20 దగ్గర మాన్యువల్‌లోని కనీస విలువ కంటే ఒకటి రెండు వోల్ట్‌లు పైన ఉంటే సంతోషించొచ్చు. లేకపోతే ముందు టెర్మినల్ స్క్రూలు బిగించండి, తర్వాత బారియర్, సప్లై చూడండి.

కొన్ని ట్రాన్స్‌మిటర్లకి టెర్మినల్ వోల్టేజ్‌ని తామే కొలిచే లూప్ డయాగ్నస్టిక్ ఉంటుంది. లూప్ కొత్తగా, పొడిగా, బాగా ఉన్నప్పుడు దానికి బేస్‌లైన్ నేర్పించాలి. నీళ్లు చేరాక నేర్పిస్తే ఆ తడినే మామూలు స్థితిగా తీసుకుంటుంది.

8. సెన్సార్ వైపు చూడండి

ఇప్పటికి కరెంట్, స్క్రీన్ రెండూ పీవీతో కలుస్తున్నాయి, కానీ పీవీయే తప్పు అనుకుందాం. ముందు డాంపింగ్ చూడండి. ఎవరో 20 సెకన్లు పెట్టి ఉంటే ట్రెండ్ నున్నగా కనిపిస్తుంది, దాన్ని చూసి లైన్ మూసుకుపోయిందని అనుకుంటారు.

డీపీ అయితే మానిఫోల్డ్ మీద జీరో చెక్ చేయండి. మూడు వాల్వుల మానిఫోల్డ్‌లో ఒక వైపు బ్లాక్ వాల్వ్ మూయండి, ఈక్వలైజింగ్ వాల్వ్ తెరవండి, రెండో బ్లాక్ మూయండి. ఏ వైపు ముందో మీ ప్లాంట్ పద్ధతి చెబుతుంది. రెండు బ్లాకులూ తెరిచి ఉండగా ఈక్వలైజింగ్ తెరవకండి. వెట్ లెగ్‌లో (లెవెల్ కొలతలో ద్రవంతో నింపి ఉంచే ఇంపల్స్ లైన్) నింపిన ద్రవం అవతలికి వెళ్లిపోతుంది. స్టీమ్ లైన్‌లో అయితే కండెన్సేట్ పోయి వేడి స్టీమ్ సెన్సార్ దాకా వస్తుంది.

నిలకడ పడ్డాక పీవీ సున్నా చూపించాలి. గమనించండి, 4 మిల్లీ ఆంప్ అనలేదు. వెట్ లెగ్ లెవెల్‌కి రేంజ్ మైనస్ నుంచి మొదలవుతుంది కాబట్టి, డీపీ సున్నా అయినప్పుడు కరెంట్ 4 కానక్కర్లేదు. ఇక్కడ జరిగే తప్పులు మూడు:

- ట్రాన్స్‌మిటర్ మీద ఉన్న జీరో బటన్ నొక్కి దాన్నే జీరో ట్రిమ్ అనుకోవడం. చాలా పరికరాల్లో ఆ బటన్ రేంజ్ కింది విలువని మారుస్తుంది. 4 మిల్లీ ఆంప్ వస్తుంది గానీ రేంజ్ జరిగిపోతుంది.
- అబ్సొల్యూట్ ప్రెషర్ ట్రాన్స్‌మిటర్‌ని గాలికి తెరిచి జీరో చేయడం. అప్పుడు దాని మీద వాతావరణ ఒత్తిడి ఉంది, సున్నా కాదు.
- ఈక్వలైజింగ్ వాల్వ్ లీక్‌ని జీరో తేడాగా పొరబడటం. సర్వీస్‌లో పెట్టాక రీడింగ్ ఎప్పుడూ తక్కువే చూపిస్తే ఆ వాల్వ్‌ని అనుమానించండి.

ఇంపల్స్ లైన్ మూసుకుపోయిందేమో చూసే డయాగ్నస్టిక్ కొన్నిటికి ఉంటుంది. ప్రాసెస్‌లో ఎప్పుడూ ఉండే చిన్న చిన్న ఒత్తిడి అదురుని అది గమనిస్తుంది. డీపీలో రెండు లైన్లూ మూసుకుపోతే ఆ అదురు తగ్గిపోతుంది. ఒకటే మూసుకుపోతే మాత్రం పెరగొచ్చు, ఎందుకంటే రెండు వైపులా సమానంగా వచ్చి రద్దయ్యే అదురు ఇప్పుడు ఒక వైపే చేరుతోంది. "రీడింగ్ బాగా కదులుతోంది కాబట్టి లైన్ క్లియర్" అనుకోకూడదన్నది ఇందుకే.

దీనికి బేస్‌లైన్‌ని ప్రాసెస్ మామూలు లోడ్‌లో నడుస్తున్నప్పుడే నేర్పించండి. షట్‌డౌన్‌లో నేర్పిస్తే ఏ ప్రయోజనమూ ఉండదు. నేర్పించాక పనిచేస్తోందో లేదో పరీక్షించాలి: అనుమతి తీసుకుని ఒక బ్లాక్ వాల్వ్ మూసి, సెట్ చేసిన టైమ్‌లోపు అలారం వస్తుందేమో చూడండి. తర్వాత రెండోది. రాకపోతే సెన్సిటివిటీ మార్చి మళ్లీ చేయండి. ఫ్లో బాగా తగ్గే లూప్‌లో ఇది తప్పుడు అలారాలు ఇస్తుంది. అక్కడ కనీస ఫ్లో కింద డయాగ్నస్టిక్‌ని ఆపి ఉంచే సెట్టింగ్ వాడండి. ఈ సదుపాయమే లేని ట్రాన్స్‌మిటర్ అయితే నెల కిందటి ట్రెండ్‌నీ ఇవాళ్టి ట్రెండ్‌నీ ఒకే స్కేల్‌లో పక్కపక్కన పెట్టి చూడండి. చాలాసార్లు కంటికే తెలిసిపోతుంది.

టెంపరేచర్ ట్రాన్స్‌మిటర్ అయితే మానిఫోల్డ్‌కి బదులు సెన్సార్ వైర్లు విప్పి తెలిసిన రెసిస్టెన్స్ పెట్టండి. పీటీ 100 (ప్లాటినం రెసిస్టెన్స్ సెన్సార్) రకానికి 100 ఓమ్ పెడితే 0 డిగ్రీలు, 138.5 ఓమ్ పెడితే 100 డిగ్రీలు రావాలి. వస్తే ట్రాన్స్‌మిటర్ మంచిది, సెన్సార్‌నో వైర్లనో చూడండి.

9. లోపలి రికార్డులు చూడండి

ఎలక్ట్రానిక్స్ టెంపరేచర్ గరిష్ఠం, కనిష్ఠం, ఓవర్ ప్రెషర్ ఎన్నిసార్లు వచ్చింది, ఎన్ని గంటలు నడిచింది లాంటివి కొన్ని పరికరాలు దాచుకుంటాయి. 85 డిగ్రీల దాకా రేట్ అయిన ట్రాన్స్‌మిటర్‌లో గరిష్ఠం 90 అని ఉంటే, ఇవాళ చల్లగా ఉన్నా దాన్ని వేడి లైన్ నుంచి దూరంగా జరపాల్సిందే. చూసి రాసుకున్నాకే రీసెట్ చేయండి.

10. అప్పుడు మాత్రమే ట్రిమ్

సెన్సార్ ట్రిమ్ వేరు, అవుట్‌పుట్ ట్రిమ్ వేరు. పీవీ తప్పైతే సెన్సార్ ట్రిమ్. పీవీ సరిగ్గా ఉండి, లూప్ పొడిగా ఉండి, వోల్టేజ్ చాలినంత ఉండి, అయినా 4, 20 దగ్గర కరెంట్ తేడా ఉంటేనే అవుట్‌పుట్ ట్రిమ్. మీ మీటర్ ట్రాన్స్‌మిటర్ కంటే ఖచ్చితమైనది కాకపోతే రెండూ చేయకండి. సెన్సార్ పై విలువ ట్రిమ్‌ని ఫీల్డ్‌లో చేయొద్దని నా సలహా. దానికి మంచి ప్రెషర్ రిఫరెన్స్ కావాలి, అది వర్క్‌షాప్ పని.

పని అయిందని ఎలా తెలుస్తుంది?

నాలుగు అంకెలూ మళ్లీ తీసుకోండి, ఈసారి రెండు వేర్వేరు ప్రాసెస్ స్థితుల్లో. ఒకే పాయింట్‌లో కలవడం యాదృచ్ఛికం కావచ్చు. వేరే గేజ్ గానీ గేజ్ గ్లాస్ గానీ ఉంటే దానితో పోల్చండి. స్టేటస్‌లో ఎనిమిదింటిలో ఏదీ వెలిగి ఉండకూడదు. "కాన్ఫిగరేషన్ మారింది" ఉంటే, అది మీరు చేసిన మార్పేనని నిర్ధారించుకున్నాకే చెరపండి. సేవ్ చేసిన పాత కాన్ఫిగరేషన్‌తో పోల్చి, మీరు కావాలని మార్చినవి తప్ప ఇంకేమీ మారలేదని చూడండి. మానిఫోల్డ్ వాల్వులు: రెండు బ్లాకులు తెరిచి, ఈక్వలైజింగ్ మూసి. మూత పూర్తిగా బిగించి, ఓ-రింగ్ తన గాడిలో కూర్చుని ఉండాలి.

బైపాస్ తీయించే ముందు స్క్రీన్ మీద విలువ ట్రిప్ పాయింట్‌కి దూరంగా ఉందని ఆపరేటర్ నోటితో చెప్పించండి, తర్వాతే తీయించండి. లూప్ ఆటోలోకి వెళ్లాక పది నిమిషాలు ట్రెండ్ చూడండి. అరగంట తర్వాత ఇంకోసారి స్టేటస్ చదవండి, ప్రత్యేకించి కోల్డ్ స్టార్ట్ మళ్లీ వచ్చిందేమో.

రికార్డులో "చెక్ చేశాను, ఓకే" అని రాయకండి. ఇలా రాయండి: "పీవీ 54.0 శాతం, పరికరం చెప్పిన కరెంట్ 12.64, మీటర్ 13.76, స్క్రీన్ 61. టెర్మినల్ బాక్స్‌లో నీళ్లు. ఆరబెట్టి గ్లాండ్ మార్చాక మీటర్ 12.64, స్క్రీన్ 54. ట్రిమ్ చేయలేదు." వచ్చే వర్షాకాలంలో అదే ట్యాగ్ దగ్గరికి వెళ్లే మనిషికి ఆ అంకెలే మొదటి పోలిక అవుతాయి.